ఏరు పోసిన నేల

అమెరికా పటంలో బూటులా కనిపించే రాష్ట్రం లూసియానా. ఆ బూటు అడుగు అరిగిపోయి చాలా కాలమైంది. జాజ్ బాజాలు, మార్డి గ్రా పూసలు, బెండకాయ పులుసు, మన భీమవరం రొయ్యతో పేచీ... అన్నీ ఆ అరిగిన అడుగు మీదే.

ఎల్లో కాటన్ బే అని ఒక చిన్న అఖాతం ఉండేది. మిసిసిపి నది మెక్సికో సింధుశాఖలో కలవడానికి కాస్త ముందు, ప్లాక్‌మిన్స్ అనే జిల్లాలో. ఇప్పుడు లేదు. ఎండిపోలేదు, పూడిపోనూలేదు. దాని చుట్టూ ఉన్న రెల్లు నేల కరిగి సముద్రంలో కలిసిపోయింది. అఖాతం అనాలంటే మూడు పక్కలా ఒడ్డుండాలి కదా. ఒడ్డే లేనప్పుడు పేరెందుకని తీరపటాలు తయారుచేసే అమెరికా ప్రభుత్వ సంస్థ దాన్ని కొట్టేసింది. 2011 తర్వాత ఆ ఒక్క జిల్లాలోనే ఇలా 30కి పైగా పేర్లు పటం మీంచి పోయాయి.

ఊళ్ల పేర్లు మార్చడం మనం చూస్తూనే ఉన్నాం. పేరుండి, దాన్ని తగిలించడానికి చోటు లేకపోవడం ఎలా ఉంటుందో, సముద్రం కోసుకుపోతున్న మన ఉప్పాడ వాళ్లకు కొంత తెలుసు. లూసియానా వాళ్లకు పూర్తిగా తెలుసు.

రాష్ట్రం మరీ పెద్దదేం కాదు. 1.35 లక్షల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ కంటే కాస్త పెద్దది, ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది. జనం మాత్రం 2020 లెక్కల్లో 46.57 లక్షలే. రాష్ట్రం మొత్తం మీద ఎత్తయిన చోటు 163 మీటర్లు. దాన్ని వాళ్లు డ్రిస్కిల్ మౌంటెన్ అంటారు. మనవైపైతే గుట్ట అని ఊరుకునేవాళ్లం. సముద్రతీరాన్ని తిన్నగా కొలిస్తే 640 కిలోమీటర్లు. అదే పాయలూ, ఉప్పుటేళ్లూ, దీవుల అంచులూ ఏదీ వదలకుండా కొలిస్తే 12,400 కిలోమీటర్లు. అంటే అది తీరం కాదు, చిరుగుల అంచు. ఎక్కడ నేల ఆగిందో, ఎక్కడ నీళ్లు మొదలయ్యాయో గీత గీసి చెప్పడం పటాలు గీసేవాళ్లకే చేతకావడం లేదు.

1932 నుంచి 2016 వరకు లూసియానా దాదాపు 4,833 చదరపు కిలోమీటర్ల నేల పోగొట్టుకుందని అమెరికా భూగర్భ సర్వే సంస్థ లెక్క కట్టింది. 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్‌ఎంసీలు ఏడు పడతాయి అందులో. భూకంపం రాలేదు. ఏ ఒక్క తుపానో ఊడ్చుకుపోలేదు. ఆ నేలను కాపాడుకోవడానికి పోసిన గట్టే దాన్ని కరిగించింది.

గట్టు, గండి

గోదావరి జిల్లాల వాళ్లకు డెల్టా గురించి పాఠం చెప్పక్కర్లేదు. వరదొస్తుంది, ఏరు ఒడ్డు దాటుతుంది, పది రోజులు ఏడిపించి ఒండ్రు వదిలి వెళ్తుంది. ఆ ఒండ్రే లంక, ఆ లంకే పొలం. దక్షిణ లూసియానా అంతా అలా పుట్టిందే. అమెరికాలో 31 రాష్ట్రాల్లో కురిసిన వాన, కెనడాలో రెండు రాష్ట్రాల వాన కూడా, చివరికి మిసిసిపిలోకే దిగుతుంది. అంత దేశాన్ని కడిగి తెచ్చిన మట్టిని ఆ నది ఏడు వేల ఏళ్లుగా సముద్రంలో పోస్తూ వచ్చింది. ఒకచోట పోసి పోసి దారి సాగిపోతే, వెయ్యేళ్లకో అటూ ఇటూగానో పక్కకు తెంచుకుని దగ్గరి దారిన సముద్రానికి పోయేది. రైతు ఒక మడి తడిశాక బోదె ఇంకో మడికి తిప్పినట్టు.

ఇలా పుట్టిన నేలకు ఒక గుణముంది. కుంగుతుంది. మెత్తటి ఒండ్రు తన బరువుకు తానే అణిగిపోతుంది. ఏటేటా వరద పైన ఇంకో పొర వేస్తున్నంత కాలం ఆ కుంగుడు ఎవరికీ తెలియదు.

1718లో బియెన్‌విల్ అనే ఫ్రెంచి అధికారి నది ఒంపులో న్యూ ఆర్లీన్స్ ఊరు వేశాడు. ఊరు వేస్తూనే ఏటిగట్టు పోయడం మొదలైంది. దానికి వాళ్లు పెట్టుకున్న మాట ‘లెవీ’. లేపినది అని అర్థం. ఇంగ్లిషువాళ్లు కూడా ఆ మాటే తీసుకున్నారు. రెండు వందల ఏళ్లలో గట్టు నదికి రెండు పక్కలా వందల కిలోమీటర్లు పాకింది. రెండు గట్ల మధ్య ఇరుక్కున్న నదిలో వరద మట్టం పెరిగింది. మట్టం పెరిగిందని గట్టు ఎత్తు పెంచారు. ఎత్తు పెంచారని ధీమాగా గట్టు కిందికే ఇళ్లు దిగాయి.

1927లో గట్లు ఎక్కడికక్కడ తెగాయి. మిసిసిపి లోయలో 70 వేల చదరపు కిలోమీటర్లు నీళ్లలో ఉంది. ఆరు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలారు. ఎక్కడ తమ నగరం మునుగుతుందోనని న్యూ ఆర్లీన్స్ బ్యాంకర్లు, పెద్దమనుషులు ప్రభుత్వాన్ని ఒప్పించారు. ఏప్రిల్ 29న ఊరికి దిగువన కార్నార్‌వన్ దగ్గర గట్టుకు డైనమైట్ పెట్టి పేల్చారు. ఆ నీళ్లన్నీ ప్లాక్‌మిన్స్, సెయింట్ బెర్నార్డ్ జిల్లాల పేదల మీదికి వదిలారు. నష్టపరిహారం ఇస్తామని చెప్పి, తీరా ఇచ్చేటప్పుడు చాలామందికి చిల్లర చేతిలో పెట్టారు. ఇంతా చేస్తే, ఎగువన గట్లు వాటంతటవే తెగి నగరానికి గండం తప్పింది. అంటే పేల్చాల్సిన పనే లేదు. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్ నల్లవాడల్లో చాలామంది “మళ్లీ పేల్చారు” అన్నారు. పేల్చలేదు, గోడలు నాసిగా ఉండి పడిపోయాయి. కానీ ఆ అనుమానం మాత్రం గాల్లోంచి పుట్టింది కాదు.

1928లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆర్మీ ఇంజినీర్ల దళం నది పొడవునా పకడ్బందీగా గట్లు పోసింది. ఈసారి నది నిజంగానే కదల్లేదు. దాంతో ఒండ్రు రెల్లు నేలల మీదికి ఎక్కడం ఆగింది. గొట్టంలోంచి పోయినట్టు తిన్నగా పోయి సముద్రం లోతుల్లో పడుతోంది. ఎగువ ఉపనదుల మీద కట్టిన ఆనకట్టల వెనక కొంత ఒండ్రు ఆగిపోయింది, ఇలా కొంత పోయింది. ఇటు నేల కుంగుడు కుంగుతూనే ఉంది. పైపొర వేసేవాళ్లు లేరు.

దీనికి చమురు తోడైంది. 1930ల నుంచి బావుల దగ్గరికి పడవలు పోవడానికీ, పైపులు వేయడానికీ చిత్తడి నేలలో కాలువలు తవ్వుకుంటూ పోయారు. మొత్తం 16 వేల కిలోమీటర్లంటారు. పనైపోయాక పూడ్చిన పాపాన పోలేదు. ఆ కాలువల్లోంచి ఉప్పునీరు లోపలికి ఎగదన్నింది. మంచినీటి రెల్లు వేళ్లు చచ్చాయి. ఆ వేళ్లు పట్టి ఉంచిన మట్టి జారిపోయింది. ఇరవై అడుగుల కాలువ కొన్నేళ్లకు వంద అడుగులైంది, తర్వాత పక్క కాలువతో కలిసి చెరువైంది, ఆ తర్వాత సముద్రమైంది.

ఇంకో శత్రువుంది. న్యూట్రియా. పందికొక్కుకు పెద్దన్నలా, నారింజ రంగు పళ్లతో ఉంటుంది. 1930లలో బొచ్చు వ్యాపారానికని దక్షిణ అమెరికా నుంచి తెచ్చారు. అది రెల్లు ఆకు తిని వదలదు, వేరు దాకా నమిలేస్తుంది. 2002 నుంచి ప్రభుత్వం దాని తోకకు వెల కట్టింది. ఇప్పుడు తోక ఒక్కింటికి 6 డాలర్లు. వేటగాళ్లు చలికాలమంతా తోకలు కోసి తెచ్చి, లెక్కపెట్టించుకుని చెక్కు తీసుకుపోతారు.

మనకు బాగా తెలిసిన దుండగి కూడా అక్కడుంది. గుర్రపుడెక్క. 1884లో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన పత్తి ప్రదర్శనలో పూలు ముచ్చటగా ఉన్నాయని జనం పట్టుకెళ్లారట. పాతికేళ్లలో కాలువల్లో పడవ కదలకుండా పోయింది. 1910లో రాబర్ట్ బ్రౌసార్డ్ అనే లూసియానా కాంగ్రెస్ సభ్యుడు ఒక బిల్లు పెట్టాడు. ఆఫ్రికా నుంచి నీటి ఏనుగులను తెచ్చి వదిలితే అవి గుర్రపుడెక్క తింటాయి, మనం వాటిని తిందాం అని. దేశంలో అప్పట్లో మాంసం కరువు. నవ్వులాట కాదు, నిపుణులను పిలిచి విచారణ కూడా జరిపారు. అదృష్టం కొద్దీ బిల్లు గట్టెక్కలేదు.

నదికి వాటాలు

మన దగ్గర ట్రైబ్యునళ్లు రాష్ట్రాల మధ్య నీళ్లు పంచుతాయి. లూసియానాలో ఒకే రాష్ట్రం లోపల నది ఎంత ఎటు పోవాలో చట్టం చెబుతుంది.

మిసిసిపి మళ్లీ దారి మార్చుకోవడానికి ఎప్పటినుంచో కాచుకుని ఉంది. పడమరగా అచాఫలాయా అనే పాయ ఉంది. ఆ దారిన సముద్రం సగం దూరమే. 1950లకే నది అటు ఒరగడం మొదలైంది. అది పూర్తిగా మళ్లిందంటే న్యూ ఆర్లీన్స్, బాటన్ రూజ్ ఓడరేవులు, వాటి మధ్య ఉన్న కర్మాగారాలు ఉప్పుకయ్య మీద మిగులుతాయి. అందుకని ఓల్డ్ రివర్ దగ్గర 1963 నాటికి పెద్ద తలుపుల కట్టడం కట్టారు. మిసిసిపి, రెడ్ నదుల నీరు కలిపి వంద పాళ్లనుకుంటే 30 పాళ్లు అచాఫలాయాకు, 70 పాళ్లు పాత దారికి. రోజూ కొలిచి వదలాలి. 1973 వరదలో నది ఆ కట్టడం కిందకు తొలుచుకుని వెళ్లింది. పక్క గోడ ఒకటి కూలిపోయింది. మిగతాది ఎలాగో నిలిచింది. తర్వాత పక్కన ఇంకోటి కట్టుకున్నారు.

పాయ పాయకీ పేరుంది అక్కడ. నీళ్లు కదిలీ కదలకుండా ఉండే పాయను ‘బాయూ’ అంటారు. చాక్టా అనే ఆదివాసుల మాట అది. ఫ్రెంచివాళ్ల నోట్లో పడి ఇంగ్లిషులోకి వచ్చింది. ఆ బాయూల్లో మునిగిన సైప్రస్ చెట్లు, వాటి నుంచి వేలాడే బూడిద రంగు నాచు, గట్టున ఎండకు పడుకున్న మొసళ్లు... సినిమాల్లో చూసిన లూసియానా ఇదే.

గిన్నెలో నగరం

న్యూ ఆర్లీన్స్ ఇంచుమించు సగం సముద్రమట్టానికి దిగువన ఉంది. ఊరు వేసిన కొత్తలో ఇలా లేదు. నది ఒడ్డున మెరక మీదే జనం ఉండేవాళ్లు, వెనకంతా బురద. 1910లలో బాల్డ్‌విన్ వుడ్ అనే ఇంజినీరు భారీ పంపులు తయారుచేశాడు. వాటితో వెనక బురద ఎండబెట్టి వీధులు వేశారు. నీళ్లు తోడేసిన నేల ఎండి ఇంకా కుంగింది. కుంగిన చోట వాన నిలుస్తుందని ఇంకా తోడారు. ఇప్పుడు గట్టి వాన పడితే పంపులు ఆడితేనే ఊరుంటుంది. వుడ్ నాటి పంపులు కొన్ని ఇంకా తిరుగుతూనే ఉన్నాయంటే ఆయన పనితనానికి దణ్ణం పెట్టాలి, మునిసిపాలిటీ బీదతనానికి జాలిపడాలి.

తవ్వితే నీళ్లు. అందుకే శ్మశానాల్లో సమాధులు భూమి పైన, చిన్న చిన్న సున్నపు ఇళ్లలా కడతారు. ఒకే ఇంట్లో తరతరాల వాళ్లను పెడతారు. ఎండకాలం ఆ గోడల లోపలి వేడికి శవం ఎముకలవుతుంది. ఏడాదీ ఒక రోజూ గడిచాక ఎముకలు అడుగు గుంటలోకి తోసి తర్వాతివాళ్లకు చోటిస్తారు.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చినప్పుడు ఊరు మునిగింది గాలివల్ల కాదు. లోపలి కాలువల మీది కాంక్రీటు గోడలు పక్కకు ఒరిగిపోయాయి. నగరంలో 80 శాతం నీళ్ల కింద ఉంది. 1,300 మందికి పైగా చనిపోయారు. స్టేడియంలో తలదాచుకున్న వేలమంది, ఇళ్ల కప్పులు గొడ్డళ్లతో పగలగొట్టుకుని పైకెక్కిన ముసలివాళ్లు. ఆ చిత్రాలు మన టీవీల్లోనూ చూశాం. ఆ తర్వాత 1,450 కోట్ల డాలర్లతో కొత్త గోడలు, తలుపులు, తీరాన మూడు కిలోమీటర్ల అడ్డుకట్ట కట్టారు. సరిగ్గా పదహారేళ్లకు, అదే తేదీన, ఐడా తుపాను వచ్చింది. గోడలు నిలిచాయి. గోడకు బయట ఉన్న లాప్లాస్ లాంటి ఊళ్లు మునిగాయి. లూసియానాలో ఇప్పుడు ఊరిని అడిగే మొదటి ప్రశ్న గోడకు లోపలా, బయటా అని. 2000లో 4.84 లక్షలున్న న్యూ ఆర్లీన్స్ జనం 2020కి 3.83 లక్షలయ్యారు.

అయినా ఆ ఊరికి బాజా ఆగదు. వారాంతం వస్తే ఏదో ఒక వీధిలో ఇత్తడి వాయిద్యాలతో ఊరేగింపు. మేళం వెనక గొడుగులు తిప్పుతూ, చేతిరుమాళ్లు ఊపుతూ నడిచేవాళ్లను ‘సెకండ్ లైన్’ అంటారు. చావుకు కూడా మేళం పెడతారు. శ్మశానానికి పోయేటప్పుడు నెమ్మదిగా, తిరిగొచ్చేటప్పుడు గంతులు వేయించేలా. బానిసలకు ఆదివారం పూట డప్పు కొట్టుకోవడానికి వదిలిన కాంగో స్క్వేర్ అనే మైదానం నుంచే ఆ దరువు వచ్చిందని చెబుతారు. 1901లో ఆ ఊళ్లోని పేదవాడలో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని లోకమంతా తిప్పాడు. ఇక ఫిబ్రవరి, మార్చిలలో మార్డి గ్రా. శకటాల మీంచి జనం మీదికి పూసల దండలు విసురుతారు. 2018లో సెయింట్ చార్ల్స్ అవెన్యూలో అయిదు వీధుల మేర మురుగు కాలువలు శుభ్రం చేస్తే 42 టన్నుల పూసలు వచ్చాయి. పంపులతో బతికే ఊరు తన గొంతులో తనే దండలు కుక్కుకుంటోందన్నమాట.

అన్నట్టు, న్యూ ఆర్లీన్స్ దుకాణాల్లో ‘లాన్యాప్’ అని ఒక మాట వినిపిస్తుంది. పన్నెండు కొంటే ఇంకోటి చేతిలో పెట్టడం. దక్షిణ అమెరికా కెచువా మాట, స్పానిష్ మీదుగా వచ్చింది. ఇంగ్లిషులో దానికి సమానమైన మాట లేదని వాళ్లకో గర్వం. తెలుగులో ఉంది. కొసరు.

ఎకరం మూడు సెంట్లు

ఈ గడ్డ ఎన్ని చేతులు మారిందో. 1682లో లా సాల్ అనే ఫ్రెంచివాడు పడవలో నది చివరికి వచ్చి, అదంతా తమ రాజు పద్నాలుగో లూయీదని ప్రకటించి లూసియానా అన్నాడు. తర్వాత స్పెయిన్. ‘ఫ్రెంచ్ క్వార్టర్’ అని యాత్రికులు ఎగబడే వీధుల్లో ఇనుప జాలీల మేడలు చాలావరకు 1788, 1794 అగ్నిప్రమాదాల తర్వాత స్పెయిన్ హయాంలో తిరిగి కట్టుకున్న ఊరి నమూనావే. మళ్లీ ఫ్రాన్స్. 1803లో డబ్బు అవసరమై నెపోలియన్ ఆ భూభాగాన్ని, అంటే ఇప్పటి రాష్ట్రానికి ఎన్నో రెట్ల నేలను, జెఫర్సన్‌కు కోటిన్నర డాలర్లకు అమ్మేశాడు. 21 లక్షల చదరపు కిలోమీటర్లు. లెక్కేస్తే ఎకరం మూడు సెంట్ల లోపు. భూమి కొలిచే సెంటు కాదు, డాలరులో నూరోవంతు. అక్కడ కాపురముంటున్న ఆదివాసులను ఎవరూ అడగలేదు. 1812లో లూసియానా 18వ రాష్ట్రమైంది. ఇప్పటికీ అక్కడ కౌంటీలు లేవు, ‘పారిష్’లు 64 ఉన్నాయి. సివిల్ చట్టం కూడా తక్కిన రాష్ట్రాల్లా ఇంగ్లిషు సంప్రదాయానిది కాదు, ఫ్రెంచి, స్పానిష్ పద్ధతిది.

పల్లెల్లోకి ఫ్రెంచి తెచ్చింది వేరేవాళ్లు. కెనడా తూర్పు తీరంలోని అకాడీ నుంచి 1755లో ఇంగ్లిషువాళ్లు తరిమేసిన రైతులు. పదేళ్లు తిరిగి తిరిగి లూసియానా బాయూల పక్కన దిగారు. అకాడియన్ అనే మాట అరిగి కేజన్ అయింది. 1921 రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లిషు తప్ప మరోటి వినపడకూడదంది. బడి మైదానంలో ఫ్రెంచి మాట్లాడిన పిల్లలను మోకాళ్ల మీద నిలబెట్టారు, మాట్లాడనని వందసార్లు రాయించారు. కాన్వెంటులో తెలుగు మాట్లాడి జరిమానా కట్టినవాళ్లకు ఇదేమీ వింత కాదు. ఆ పిల్లలు పెద్దయ్యాక తమ పిల్లలకు ఫ్రెంచి నేర్పలేదు. 1968లో ప్రభుత్వం మళ్లీ ఫ్రెంచి కాపాడాలని సంస్థ పెట్టి, బయటి దేశాల నుంచి టీచర్లను పిలిపించుకుంది.

చెరకు, పత్తి తోటల్లో పని చేసింది బానిసలు. ఆ చరిత్ర అక్కడ పాతబడలేదు. 1892లో హోమర్ ప్లెసీ న్యూ ఆర్లీన్స్‌లో కావాలనే తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చున్నాడు. 1896లో సుప్రీంకోర్టు ఆయన మీదే తీర్పిచ్చి వేరు వేరు పెట్టెలు న్యాయమే అంది. ఆ శిక్షకు క్షమాభిక్ష దొరికింది 2022లో, ఆయన పోయిన దాదాపు వందేళ్లకు. అంగోలా అనే తోట ఇప్పుడు 18 వేల ఎకరాల జైలు. ఖైదీలు, ఎక్కువమంది నల్లవాళ్లు, ఇప్పటికీ ఆ పొలాల్లో పని చేస్తున్నారు. బాటన్ రూజ్ నుంచి న్యూ ఆర్లీన్స్ దాకా నది పొడవునా ఒకప్పటి చెరకు తోటల స్థానంలో 150కి పైగా పెట్రో రసాయన ఫ్యాక్టరీలు లేచాయి. పక్కనున్న నల్లజాతి పల్లెల వాళ్లు ఆ దారిని ‘క్యాన్సర్ వీధి’ అంటారు. అన్నట్టు, మన పంజాబీల అబ్బాయి బాబీ జిందాల్ ఈ రాష్ట్రానికే 2008 నుంచి 2016 వరకు గవర్నరు. అమెరికాలో ఆ పదవికెక్కిన మొదటి భారతీయ సంతతివాడు ఆయనే.

బెండకాయ పులుసు

ఇంత బరువు చరిత్ర తర్వాత తిండి మాటకు వస్తే, లూసియానా నిజంగా అమెరికాలా ఉండదు. అన్నం తినే రాష్ట్రం. గంబో అనే వంటకానికి పేరు ఆఫ్రికాలో బెండకాయకున్న పేరు నుంచి వచ్చింది. అంటే పేరుకే బెండకాయ పులుసు. ముందు నూనెలో పిండి వేసి చిన్న మంట మీద ముప్పావుగంట కలుపుతూనే ఉండాలి. తెల్లది గోధుమ రంగై, రాగి రంగై, చివరికి చాక్లెట్ రంగవుతుంది. ఆ చివరి అయిదు నిమిషాల్లో ఫోనెత్తారా, మాడు. పారబోసి మళ్లీ మొదలుపెట్టుకోవాల్సిందే. అందులో ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం. తర్వాత బెండకాయో, లేకపోతే చాక్టావాళ్లు నేర్పిన ససాఫ్రస్ ఆకు పొడో. రొయ్యలు, పీత, కోడి, సాసేజీ. వేడన్నం మీద పోసుకుని తింటారు. ఒక గిన్నెలో ఆఫ్రికా, ఫ్రాన్స్, ఆదివాసులు.

వరి కోసిన మడుల్లో మళ్లీ నీళ్లు పెట్టి క్రాఫిష్ పెంచుతారు. రొయ్యకూ పీతకూ మధ్యరకం జీవి. వరి దుబ్బులు కుళ్లి దానికి మేతవుతాయి. రైతు ఇనుప చక్రమున్న చదును పడవ వేసుకుని మడి అంతా తిరుగుతూ తీగ బుట్టలు ఎత్తి దులుపుకుంటాడు. వసంతంలో ఇంటి వెనక పెద్ద డేగిశాలో బస్తాల కొద్దీ ఉడకేస్తారు. కారం, మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలతో కలిపి. బల్ల మీద పాత పేపర్లు పరిచి కుప్పగా పోస్తారు. తోక మెలిపెట్టి లాగాలి, తలకాయ జుర్రాలి. పళ్లెం అడిగినవాడు కొత్తవాడని తెలిసిపోతుంది.

టబాస్కో సీసా కూడా ఈ రాష్ట్రానిదే. ఏవరీ ఐలాండ్ అనే ఉప్పుగుట్ట మీద 1868 నుంచి. పండు మిరపకాయ కోసేవాళ్ల చేతిలో ఎర్ర రంగు పూసిన చిన్న పుల్ల ఉంటుంది. కాయ ఆ ఎరుపుకు తూగితేనే కోయాలి. ఉప్పుతో దంచి ఓక్ పీపాల్లో మూడేళ్ల వరకు ఊరబెడతారు. పీపా మూతల మీద ఉప్పు దట్టంగా పరుస్తారు. ఆవకాయ జాడీకి వాసెన కట్టే వాళ్లం మనం, అర్థం చేసుకోగలం.

రొయ్యల పేచీ

మోర్గన్ సిటీలో ఏటా ఒక తిరునాళ్ల జరుగుతుంది. పేరు ‘లూసియానా రొయ్య, పెట్రోలియం ఉత్సవం’. 1936లో రొయ్యతో మొదలై, తర్వాత పెట్రోలియాన్ని కలుపుకుంది. ఈ రెంటి మధ్య పొంతన ఎంతవరకో 2010లో తెలిసింది. ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది పోయారు. 87 రోజులు చమురు సముద్రంలోకి ఎగజిమ్మింది. రొయ్యల వేట ఆగిపోయింది. పడవలవాళ్లు అదే పడవల మీద కూలికి చమురు తుడిచారు.

ఇప్పుడు వాళ్ల కోపం చమురు మీద కంటే దిగుమతి రొయ్య మీద ఎక్కువ. అమెరికా తినే రొయ్యలో 90 శాతానికి పైగా బయటి దేశాలదే. అందులో ఇండియాది పెద్ద వాటా, ఇండియాలో ఆంధ్రాది పెద్ద వాటా. బాయూలో పడవ నడిపే కేజన్‌కీ, 1975 తర్వాత కాందిశీకుడిగా వచ్చి వల పట్టిన వియత్నామీకీ డీజిలు ధర పెరుగుతోంది కానీ రేవులో పౌనుకు డాలరు కూడా రాని రోజులున్నాయి. 2005లో మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది. 2024 చివర సబ్సిడీల పేరు చెప్పి ఇంకో సుంకం. 2019లో లూసియానా చట్టమే చేసింది: హోటల్లో దిగుమతి రొయ్య పెడితే మెనూలో ఆ సంగతి రాయాలని. 2025 ఆగస్టులో భారత సరుకు మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు భీమవరం చెరువుల మీద కౌంట్ ధరలు పడిపోయి రైతులు తల పట్టుకున్నారు. బాయూ పక్కన కొందరికి అది మంచి కబురు.

తమాషా ఏమిటంటే మన వనామీ రొయ్య మనది కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానిది. 2009లో ఇక్కడికి రానిచ్చాం. అమెరికా ఖండాల రొయ్య, మన చెరువు, మన కరెంటు బిల్లు, మళ్లీ అమెరికా పళ్లెం. లూసియానా సరుకు కూడా మన దాకా వస్తోంది. సబీన్ పాస్ టెర్మినల్ నుంచి 2018 నుంచి ఎల్‌ఎన్‌జీ ఓడలు మన దేశానికి వస్తున్నాయి. రొయ్య అటు, గ్యాసు ఇటు.

రోడ్డు చివర

ఐల్ ద జాన్ చార్ల్స్ అని ఒక దీవి. 1830లలో అమెరికా ప్రభుత్వం ఆదివాసులను తూర్పు నుంచి తరుముతున్నప్పుడు చాక్టా, బిలాక్సీ, చిటిమాచా కుటుంబాలు కొన్ని ఇంకెవరూ రారులే అని ఈ రెల్లులోకి వచ్చి దాక్కున్నాయి. పశువులు మేపారు, కూరగాయలు పండించారు. 1953లో రోడ్డేశారు, రెండు పక్కలా రెల్లు మధ్యగా. ఇప్పుడా రోడ్డు నడి సముద్రంలో వేసినట్టుంటుంది. దక్షిణపు గాలి గట్టిగా వీస్తే మునుగుతుంది, పిల్లల బడి బస్సు ఆగిపోతుంది. ఓక్ చెట్లు ఉప్పుకు చచ్చి, బెరడు రాలి, తెల్లటి కొయ్యలై నిలబడ్డాయి. 22 వేల ఎకరాల దీవి 320 ఎకరాలైంది. 2016లో కేంద్రం 4.8 కోట్ల డాలర్లిచ్చింది. 2022 ఆగస్టులో మొదటి కుటుంబాలు ఉత్తరంగా 60 కిలోమీటర్లకు పైగా దూరంలో కట్టిన కొత్త ఊరికి వెళ్లాయి. ఊరు తరలించే పథకం తాము వేసుకుంటే రాష్ట్రం దాన్ని తన చేతుల్లోకి తీసుకుని తమను పక్కన పెట్టిందని తెగ పెద్దల ఫిర్యాదు. వెళ్లనని భీష్మించుకుని స్తంభాల మీది ఇంట్లో ఉండిపోయినవాళ్లూ కొందరున్నారు.

గట్టు చేసిన పనిని గట్టు తెరిచి సరిదిద్దాలన్న ప్రయత్నం ఒకటి జరిగింది. ప్లాక్‌మిన్స్‌లో గట్టుకు తలుపులు పెట్టి మిసిసిపి ఒండ్రు నీటిని బారటేరియా చిత్తడి మీదికి వదలాలి. యాభై ఏళ్లలో నేల లేస్తుంది. ఖర్చు దాదాపు 300 కోట్ల డాలర్లు, 2010 పేలుడుకు చమురు కంపెనీ కట్టిన పరిహారం నుంచే. 2023 ఆగస్టులో శంకుస్థాపన చేశారు. గోల మొదలైంది. అంత మంచినీరు దిగితే ఆయిస్టర్ చస్తుంది, రొయ్య వెళ్లిపోతుంది, మేమేం తినాలని జాలర్లు అడిగారు. అది కాదనలేని ప్రశ్న. నేల పుట్టడానికి యాభై ఏళ్లు, వల ఖాళీ కావడానికి ఒక్క వరద సీజను. కేసులు, ఖర్చు పెరుగుదల, కొత్త గవర్నరు. 2025 జులైలో రాష్ట్రమే ఆ పని ఆపేసింది. నాకైతే తప్పు చేశారనే అనిపిస్తుంది. కానీ ఆ మాట బారటేరియాలో పడవ అప్పు కడుతున్నవాడి ముందు అనడం కష్టం.

నేల పుడుతున్న చోటు ఒకటి ఇప్పటికే ఉంది. దానికి ఎవరూ పథకం వేయలేదు. 1940ల మొదట్లో మోర్గన్ సిటీకి వరద తగ్గించడానికి వ్యాక్స్ లేక్ దగ్గర అచాఫలాయా నుంచి సముద్రంలోకి ఒక కాలువ తవ్వారు. అంతే. ముప్పై ఏళ్లు ఆ కాలువ నీటి అడుగున ఒండ్రు పోసుకుంటూ పోయింది. 1973 వరద తగ్గాక చూస్తే నీళ్లపైన బురద దిబ్బలు తేలి ఉన్నాయి. ఇప్పుడు అక్కడ విల్లో చెట్లు, బాతులు, ఎండకాలంలో కనుచూపు మేర పసుపు తామరలు. ప్రతి వరదకూ దిబ్బలు సముద్రం వైపు ఇంకొంచెం జరుగుతున్నాయి. ఇంజినీర్లు అడిగింది నీళ్లు పోయే దారి. ఈ దీవులు నది వేసిన కొసరు.